మొక్కల ముచ్చట: ముల్లులేని జెముడు

జెముడు అనగానే ముళ్లే గుర్తుకు వస్తవి. టెక్సాస్ దక్షిణపు కొసనా, దానిని ఆనుకొని వున్న మెక్సికో ఈశాన్యంలోనూ ముళ్లులేని చిన్న జెముడొకటి వున్నది. 1845లో జుకారిని అనే జర్మను శాస్త్రజ్ఞుడు వర్ణించిన ఈ మొక్క పేరు ఆస్ట్రోఫైటమ్ ఆస్టీరియాస్. నోరు తిరగదు గనుక మేము నక్షత్ర జెముడు అంటాము.

అణచిన గుమ్మడికాయ ఆకారం, అరచేతిలో ఇముడుతుంది. సాధారణంగా ఎనిమిది గట్లు. ప్రతి గట్టు నడుమ వరుసగా దూది బొడిపెలు, ఒళ్లంతా సున్నం చిలికినట్లు తెల్ల చుక్కలు. పువ్వు పసుపుపచ్చ, లోపల ఎరుపు. ఎండకాలం నేలలోకి కుంగి మట్టి కప్పుకుంటే, కాలిక్రింద వున్నా కనపడదు.

చిక్కేమంటే, ముళ్లులేని పెయోటీ జెముడు కూడా అక్కడే పెరుగుతుంది. నేటివ్ అమెరికన్ చర్చివారికి అది పూజాద్రవ్యం. దానిని ఏరేవారు పొరపాటున దీనినీ కోస్తుంటారు. పెయోటీకి చుక్కలుండవు, పువ్వు లేత గులాబి. నిదానించి చూస్తే తెలిసే తేడాయే! అమెరికా ప్రభుత్వం 1993లో నక్షత్ర జెముడును అంతరించే ప్రమాదమున్న మొక్కలలో చేర్చింది. కుండీకోసం కొనేవారు, విత్తు నాటి పెంచినదేనా అని అడిగి మరీ కొనవలె.