పార్కు పని - ఒక తండ్రి ప్రశ్న

మొన్న జరిగిన తలిదండ్రుల సమావేశములో మేమొక సంగతి ప్రస్తావించితిమి. పై తరగతుల బాలబాలికలలో ఇష్టమున్నవారు వారమునకొకసారి, శనివారము ఉదయమున ఒక గంటకాలము, మన పాఠశాలకు సమీపమున నున్న నగరపాలక సంస్థవారి పార్కులో మొక్కల సంరక్షణకు తోడ్పడినచో బాగుండునని మా అభిప్రాయము. పెక్కుమంది తలలూపిరి. వెనుక వరుసలో కూర్చున్న ఒక తండ్రి మాత్రము లేచి నిలుచుండి, "పంతులుగారూ, చదువుకోమని పంపితే పిల్లవాడి చేతికి చీపురిస్తారా? ఆ చీపురేదో మా చేతుల్లోనే ఉండనివ్వండి" అనిరి.

సభ నిశ్శబ్దమయ్యెను. ఆ దినమున మాకు సమాధానము తోచలేదు. తోచినట్లు నటించి నాలుగు మాటలు చెప్పి యుండవచ్చును గాని, అడిగినవారు అట్టి మాటలతో తృప్తిపడు మనిషి కారు. ఇంటికి పోయిన తరువాత చాల దినములు ఆలోచించితిమి. ఆ ఆలోచనను ఇపుడు ఈ పత్రికలో తలిదండ్రుల ముందరను, విద్యార్థుల ముందరను ఉంచుచున్నాము.

మొదట ఆ ప్రశ్నలోని న్యాయమును ఒప్పుకొనవలెను. ఈ చెన్నపురిలో వీధులూడ్చి, కాలువలు బాగుచేసి, చెత్త బండ్లు తోలువారిలో తెలుగు మాటలాడు కుటుంబములవారు తరతరములుగా అనేకులున్నారు. పొట్టచేత పట్టుకొని ఆంధ్రదేశపు పల్లెల నుండి వచ్చిన తాత చేతికి చిక్కిన చీపురు కొన్ని యిండ్లలో మూడవ తరమునకును క్రిందికి దిగలేదు. ఆ యిండ్ల బిడ్డలు మన తరగతులలో ఉన్నారు, బాగుగ చదువుకొనుచున్నారు. శ్రమ యొక్క గౌరవమును గూర్చి వారికి మనము ఉపన్యసించుట హాస్యాస్పదము. శ్రమను గూర్చి వారికి తెలిసిన దానిలో పదియవ వంతు మనకు తెలియదు. వారు కోరునది తమ బిడ్డ ఆ పనినుండి విడివడవలెనని. అట్టి తండ్రికి పాఠశాలయే తిరిగి చీపురు చూపినచో కడుపు మండదా?

అయినను మేము మా సూచనను వెనుకకు తీసికొనుట లేదు. ఎందుచేతనో చెప్పెదము.

సెంట్రల్ రైలు స్టేషను పొరుగున ఒకప్పుడు పీపుల్స్ పార్కు అను గొప్ప ఉద్యానము ఉండెడిది. 1859, 1860 సంవత్సరములలో మద్రాసు గవర్నరుగా నుండిన సర్ చార్లెస్ ట్రెవిలియను దానికి పూనుకొనెను. దాని విస్తీర్ణము 116 ఎకరములు. కొలనులు, బాటలు, జంతుప్రదర్శనశాల అందులో ఉండెడివి. నేడు ఆ పార్కు ఎక్కడ నున్నదని అడిగిన పిల్లలు స్టేషను వైపు చూచి తెల్లబోవుదురు. ఒక ప్రక్క విక్టోరియా పబ్లిక్ హాలు లేచెను. మరియొక ప్రక్క మూరు మార్కెట్టు వెలసెను. అది 1985లో కాలిపోయెను. 1913లో నగరపాలక సంస్థవారే తమ రిప్పన్ భవనమును ఆ నేలమీదనే పూర్తి చేసికొనిరి. తరువాత క్రీడా మైదానము వచ్చెను. 1985లో జంతుప్రదర్శనశాల వండలూరునకు తరలిపోయెను. మిగిలినది మైలేడీ పార్కు అను చిన్న తోట మాత్రమే.

ఈ కథలో దుష్టుడెవడును లేడని గమనింపవలెను. ఏ దొంగయు రాత్రివేళ వచ్చి పార్కును ఎత్తుకొని పోలేదు. కట్టిన ప్రతి కట్టడమును అవసరమైనదే. సభలకు హాలు వలదా? నగరపాలనకు కార్యాలయము వలదా? ఆటలకు మైదానము వలదా? ఒక్కొక్క అవసరము వచ్చినపుడెల్ల అది పార్కుకంటె పెద్దదిగా కనబడెను. పార్కు తరపున మాటలాడు వారు లేకపోయిరి. విశాలమైన పెరడు ఉన్నవారికి పార్కు పోయినను నష్టము లేదు. నష్టపోయినది ఒకే గదిలో అయిదారుగురు సర్దుకొని బ్రతుకు కుటుంబము. ఇంట చోటు లేక పార్కు దీపము క్రింద కూర్చుండి లెక్కలు చేసికొను పిల్లవానికి ఆ సిమెంటు బల్లయే చదువు గది. సాయంకాలము రెండు గడియలు గాలి పీల్చుకొను తల్లికి అదియే పెరడు. ఆనాడు మమ్ము ప్రశ్నించిన తండ్రి కుమారునికి పార్కుతో ఉన్న సంబంధము, ఉదయమున కారులో వచ్చి నాలుగు చుట్లు నడచి పోవు పెద్దమనుష్యుల సంబంధముకంటె ఎక్కువది.

మనవారికి మరియొక సంబంధమును ఉన్నది. అది పేర్లది. త్యాగరాయనగరము నడుమ నున్నది పానగల్లు పార్కు. 1921 మొదలు 1926 వరకు మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగా నుండిన పానగంటి రామరాయణింగారి పేరు దానికి నిలిచినది. ఆ పేటయే నగర పాలక సభకు అధ్యక్షులుగా పనిచేసిన పిట్టి త్యాగరాయ శెట్టిగారి పేరిట వెలసినది. మైలాపూరులో లజ్ చర్చి వీధిని నున్నది నాగేశ్వరరావు పార్కు. ఆంధ్రపత్రికను స్థాపించి, అమృతాంజనముతో ఆర్జించిన ధనమును దేశమునకు ధారవోసిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిని మన పిల్లలు పాఠములలో చదువుచునే యున్నారు. అచ్చటికి సమీపముననే వారి గృహము శ్రీబాగులో 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల ఒడంబడిక జరిగినది.

ఈ పేర్లు తలచుకొని మనము పొంగుదుము. పొంగుటలో తప్పు లేదు. కాని ఆ పార్కులలో ఒక మొక్కకైన ఎన్నడైన చెంబెడు నీళ్లు పోసిన తెలుగువారు మనలో ఎందరని మమ్ము మేము ప్రశ్నించుకొనగా, చేతివేళ్లన్నియు మిగిలిపోయినవి. "మద్రాసు మనదే" అని మన పెద్దలు ఒక కాలమున ఊరేగిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఈ నగరము లేకయే ఏర్పడెను. ఆ వాదము అంతటితో ముగిసినది. దానిని తిరిగి తవ్వుట మా ఉద్దేశము కాదు. ఇచ్చటనే పుట్టి, ఇచ్చటనే పెరుగుచు, ఇంట తెలుగును వీధిలో తమిళమును మాటలాడు మన పిల్లలకు ఈ ఊరు ఏ విధముగ తమదగునన్నదే నేటి ప్రశ్న. సరిహద్దులతో నిమిత్తము లేని మార్గము ఒకటి వీధి మలుపులోనే ఉన్నది. మొక్కకు నీళ్లు పోయువానిని నీ మాతృభాష ఏదని ఎవరును అడుగరు.

ఇక పని సంగతి. ఇచ్చట మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసి యున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట మేము కూడ వనమహోత్సవము జరిపితిమి. జులై మాసమున మొదటి వారములో అతిథులు వచ్చిరి. పూలదండలు, ఉపన్యాసములు, ఛాయాచిత్రములు అన్నియు సక్రమముగ జరిగినవి. నలువది మొక్కలు నాటితిమి. వినాయక చవితి నాటికి వానిలో నాలుగు మాత్రము బ్రతికి యుండెను. పిల్లల దోషమనుకొంటిమి, కాదు. 1950లో కేంద్రమంత్రి కె. ఎం. మున్షీగారు వనమహోత్సవమును ప్రారంభించినపుడు జులై మాసము నిర్ణయించుట దేశములో అధిక భాగమునకు తగియే యున్నది. నైరుతి ఋతుపవనము అప్పుడే ప్రవేశించును. ఆంధ్రదేశమునకును అది సరిపోవును. చెన్నపురి వాన వేరు. ఇచ్చట యేడాది వానలో సగమునకు పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో ఈశాన్యపు గాలితో వచ్చును. జులైలో నాటిన లేత మొక్క ఎండలో మూడు నెలలు వాన కొరకు ఎదురు చూడవలెను. అతిథులు వెళ్లిపోయిన తరువాత దానికి నీళ్లు తెచ్చువారెవరు?

కనుక ఈసారి పండుగ తేదీని చూడము, మేఘమును చూచెదము. భాద్రపదములో గుంటలు త్రవ్వి, రెండడుగుల లోతున వానిని కొన్ని దినములు ఎండనిచ్చి, ఎఱ్ఱమన్నును మాగిన పశువుల పెంటయు కలిపి నింపవలెను. వానలు ఆరంభమైన వెంటనే నాటి, గాలికి ఊగకుండ ఊతకర్ర కట్టవలెను. మొక్క మొదటను వెడల్పైన పాదు చేసి అందులో ఎండుటాకులు పరచినచో తడి చాలకాలము నిలుచును. మన పార్కులలో రాలిన ఆకులను పోగుచేసి అగ్గిపుల్ల గీయుట దురభ్యాసము. బహిరంగ స్థలమున చెత్త తగులబెట్టుట చట్టవిరుద్ధము. అంతకుమించి అది ఎరువును పొగగా మార్చి పసిపిల్లల ఊపిరితిత్తులకు పంపుట. ఒక మూల గుంట తీసి ఆకులు, పచ్చిరొట్ట, కొంచెము మన్ను పొరలుపొరలుగా వేసి తడుపుచుండిన, కొన్ని నెలలకు నల్లని ఎరువు చేతికి వచ్చును. వృక్షశాస్త్రపు పుస్తకములో శిలీంధ్రములను గూర్చి చదివి మరచిపోవు బాలుడు ఆ గుంటలో చేయి పెట్టి వేడి తెలిసికొన్న తరువాత మరువడు.

ఏ మొక్క నాటవలెనన్నది కూడ ఆలోచింపదగినదే. 2016 డిసెంబరు 12వ తేదీన వర్ధా తుపాను ఈ నగరమున వేలాది వృక్షములను నేలగూల్చెను. శీఘ్రముగ ఎదుగునని, పూలు అందముగ నుండునని మడగాస్కరు దీవినుండి మన దేశమునకు తెచ్చి పెంచిన తురాయి చెట్లు అందులో పెక్కులు పడిపోయినవి. మొదట చుట్టును సిమెంటు పోసి వేరుకు ఊపిరాడకుండ చేసిన చెట్టు ఏ జాతిదైనను గాలికి నిలువదు. వేప, కానుగ, పొగడ, నేరేడు ఈ నేలకు అలవాటైనవి; వానిలో పొగడ మెల్లగ పెరుగును. మెల్లగ పెరుగు చెట్టును నాటుటకు కొంత నిస్వార్థత కావలెను. పదవ తరగతి బాలుడు నాటిన పొగడ క్రింద వాని తమ్ముని పిల్లలు కూర్చుందురేమో.

నిజమైన పరీక్ష చైత్ర వైశాఖములలో వచ్చును. పరీక్షలు ముగిసి పిల్లలు నెల్లూరికో, తిరుపతికో అమ్మమ్మల ఇండ్లకు పోవుదురు. ఊరిలో మిగిలిన నలుగురైదుగురు రోహిణీ కార్తె గడచువరకు వంతుల ప్రకారము నీళ్లు పోయనిచో వానకాలపు కష్టమంతయు వ్యర్థము. అందుచే ఉత్సాహముతో చేరు నూరుగురికంటె వేసవిలో మిగులు అయిదుగురే మాకు ముఖ్యులు. వారి పేర్లు ముందుగనే తెలియవలెను.

ఇపుడు ఆ తండ్రికి మేము ఇచ్చుకొను మాట. ఏ బిడ్డయు ఏ యింటివాడని చూచి పని పంచబడదు. గునపమైనను, గంపయైనను, చీపురైనను వంతు వచ్చినపుడు అందరును పట్టవలెను. వకీలుగారి అమ్మాయికిని, మాకును వంతులు వేరుగ ఉండవు. ఉపాధ్యాయుడు చెట్టు నీడను నిలుచుండి ఆజ్ఞలిచ్చు పద్ధతి ఉన్నచో ఆ శనివారమే ఈ కార్యమును మానుకొనుట మేలు. దీనికి మార్కులు లేవు, బహుమతులు లేవు. రానివారికి నిందయు లేదు. మరుగుదొడ్లు, మురుగు కాలువల దరికి పిల్లలు పోరు. ఆడపిల్లలు వచ్చునపుడు ఉపాధ్యాయినులు వెంట నుందురు.

ఇంకొక మాట అంతకంటె ముఖ్యమైనది. మన పిల్లల ఉచిత సేవను చూపి జీతగాండ్ర సంఖ్యను తగ్గించుటకు ఎవరికిని అవకాశము ఈయరాదు. 2025 ఆగస్టులో నగరపు రెండు మండలముల పారిశుధ్య కార్మికులు తమ పని ప్రైవేటు కంపెనీ చేతికి పోవుటను నిరసించుచు, మేము పైన చెప్పిన ఆ రిప్పన్ భవనము ఎదుటనే పలు దినములు కూర్చుండిరి. అందు మన విద్యార్థుల బంధువులును ఉండిరి. అట్టి ఇంటి కడుపు కొట్టి మనము పుణ్యము కట్టుకొన దలచుట లేదు. కావున తోటమాలికి నిత్యము చేయవలసిన పని తోటమాలిదే. ఊడ్చువారి పని ఊడ్చువారిదే. మనము చేయునది వారికి చేయ వీలులేక మిగిలిపోవు పని: క్రొత్త మొక్కకు పాదు, ఎరువు గుంట, వేసవి నీళ్లు, చెట్లకు మేకులు కొట్టి తగిలించిన ప్రకటన పలకలను లెక్కించి అధికారులకు అర్జీ వ్రాయుట. ఒకవేళ పార్కులో పనివారి సంఖ్య తగ్గింపబడినచో, ఎందుకు తగ్గించిరని మొదట వ్రాయవలసినదియు మన పిల్లలే.

అర్జీ తమిళములో వ్రాయుదురు. మన పిల్లలు పాఠశాలలో తమిళము నేర్చుచున్నారు గదా. పరీక్షకు కాక మరియొక పనికి ఆ భాషను ఉపయోగించుట వారికి మేలు. పొరుగు తమిళ పాఠశాలవారిని కూడ పిలువవలెనని మా కోరిక. రెండు బళ్ల పిల్లలు ఒక గుంట త్రవ్వుచు వేప అననేల, వేంబు అననేల అని పోట్లాడుకొన్నను మాకు సంతోషమే.

మా వాదము ఆ తండ్రికి సమ్మతమగునో కాదో మేమెరుగము. నిన్న వీధిలో కనబడినపుడు వారు దీనిని గూర్చి ఏమియు అనలేదు. పార్కు ఉత్తరపు గోడ వెంబడి నీరు నిలుచుననియు, అచ్చట మొక్క పెట్టిన కుళ్లిపోవుననియు మాత్రము చెప్పిరి. ముప్పది యేండ్లుగా ఆ వీధి కాలువను చూచినవారి మాట అది. ఆ గోడ ప్రక్కన గుంట త్రవ్వుట మానుకొంటిమి.

గుంటల పని వినాయక చవితి వెళ్లిన తరువాతి శనివారమున ఉదయము ఆరున్నర గంటలకు మొదలగును. పాతబట్టలు కట్టుకొని, త్రాగునీరు తెచ్చుకొనవలెను. పేరు ఈయ దలచినవారు తలిదండ్రుల సమ్మతిపత్రముతో తరగతి ఉపాధ్యాయునికి తెలుపవచ్చును. వేసవిలో ఊరిలోనే ఉండువారు ఆ సంగతి ప్రక్కన వ్రాయవలెను.