90 శాతం కాడ ఆగిన కంప్యూటర్.. తప్పు మన పోరలది కాదు

మొన్నొక రాత్రి పదకొండు దాటినంక ఫోన్ మోగింది. మా ఇంటి పక్క పిల్ల. డిగ్రీ అయిపోయి రెండేండ్లయింది. "చిన్నాయినా, పండుకున్నవా? కంప్యూటర్ నిలవడ్డది. ఎటూ కదుల్తలేదు" అన్నది. గొంతుల ఏడుపున్నది. తెల్లారి తొమ్మిదింటికి డేటా ఎంట్రీ కొలువుకు ఆన్‌లైన్ పరీక్ష. షీట్ల లెక్కలు చేసి గంటల పంపాలె. దానికోసం ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేస్తుంటే 90 శాతం కాడికి వచ్చి ఆగిపోయింది. మౌస్ కదల్తలేదు, ఏది నొక్కినా పల్కుతలేదు.

నేను మీటింగుకని వేరే ఊర్ల ఉన్న. ఫోన్లనే "కొంచెం సేపు చూడు బిడ్డా" అన్న. గంట చూసింది. మళ్ళ ఫోన్ చేసింది. "ఇగ పవర్ బటన్ ఒత్తిపట్టి బంద్ చెయ్యి" అన్న. చేసింది. మళ్ళ ఆన్ చేస్తే కంప్యూటర్ తనను తాను రిపేర్ చేసుకునుడు మొదలువెట్టింది. పొద్దున పది దాకా అదే పని. పరీక్ష పోయింది. కంపెనీకి మెయిల్ పెడితే, కంప్యూటర్ సంగతి అభ్యర్థే చూసుకోవాలె అని ఒక్క ముక్కల జవాబిచ్చిన్రు.

ఆ లాప్‌టాప్ వాళ్ళమ్మ మహిళా సంఘంల లోన్ ఎత్తి కొనిచ్చింది. జిల్లా కేంద్రంల సెకండ్‌హ్యాండ్ షాపుల. కిస్తీలు ఇంక నడుస్తనే ఉన్నయి. నేను ఊరికి వచ్చినంక ఆ పిల్ల అన్న మాట ఒక్కటే: "నాకే రాదు చిన్నాయినా. నేనే ఖరాబ్ చేసిన."

ఆ మాట మీదనే ఈ వ్యాసం.

యంత్రం కడుపుల ఏమున్నది?

నేను కంప్యూటర్ కోర్సు చదివినోన్ని కాదు. కరపత్రాలు టైప్ చేసుకునుడు కోసం ఒక డీటీపీ సెంటర్ల కూసొని చూసి చూసి నేర్చుకున్న. అయినా ఆ లాప్‌టాప్ ముందటేసుకొని రెండు రోజులు కూసున్న. ఏం కనవడ్డదో చెప్త.

ర్యామ్ 4 జీబీ. లోపట పాతకాలపు తిరిగే హార్డ్ డిస్క్. సీ డ్రైవ్‌ల మూడు జీబీ కూడ ఖాళీ లేదు. షాపాయన ఎక్కించిన పాత దొంగ ఆఫీస్ సగం తీసేసి సగం మిగిలి ఉన్నది. యాంటీవైరస్‌లు రెండు. ఇవన్నీ చాలవన్నట్టు, అదే రాత్రి వెనుక విండోస్ అప్‌డేట్ నడుస్తున్నది. ఆ అప్‌డేట్ నడుమ నేను బంద్ చేయమన్న. అంటే తప్పు ఏదన్న ఉంటే నాది. పిల్లది కాదు.

ఎందుకు ఆగుతదో మన లెక్కల అర్థం చేసుకుందాం. ర్యామ్ అంటే కల్లం. డిస్క్ అంటే గోదాం. పని జరిగేది కల్లంల, సామాను ఉండేది గోదాంల. కల్లం చిన్నదైతే వడ్లు మాటిమాటికి గోదాంలకు మోసి మళ్ళ బయటికి తేవాలె. తిరిగే డిస్క్ అంటే ఆ గోదాం కాడ ఒక్కడే హమాలీ. ఆఫీస్ ఇన్‌స్టాల్ అంటే వేల ఫైళ్ళు దిగాలె, విప్పాలె, రాయాలె. ఒక్కో ఫైలును యాంటీవైరస్ ఆపి సోదా చేస్తది. అదే టైంల అప్‌డేట్ లారీ కూడ వచ్చి నిలవడితే ఒక్క హమాలీ ఎన్ని మోస్తడు? స్క్రీన్ మీద మనకు బొమ్మ ఆగినట్టు కనవడ్తది. లోపట ఆ హమాలీ ఉరుకుతనే ఉంటడు.

అందుకే తమ్ముళ్ళూ చెల్లెండ్లూ, మీకు గిట్లయితే ముందుగాల భయపడకున్రి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ ఒక్కసారి నొక్కున్రి. టాస్క్ మేనేజర్ తెరుసుకుంటది. డిస్క్ కాడ 100 శాతం చూపెడుతుంటే కంప్యూటర్ సావలేదు, పని చేస్తున్నది. గంటో రెండు గంటలో ఆగున్రి. లాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే ఉంచున్రి. కరెంటు పోయినా పని ఆగొద్దు.

ఎంతకూ కదలకపోతే, అప్‌డేట్ నడుస్తలేదని చూసుకొని రీస్టార్ట్ చేయున్రి. బటన్ ఒత్తిపట్టుడు ఆఖరి దారి. మళ్ళ ఎక్కించే ముందు అప్‌డేట్లు పూర్తి కానియ్యున్రి. సీ డ్రైవ్‌ల పది జీబీ అన్న ఖాళీ చేయున్రి. పాత ఆఫీస్ ఉంటే మొత్తం తీసెయ్యున్రి. 32 బిట్‌ది ఒకటి, 64 బిట్‌ది ఒకటి పక్కపక్కన ఇమడవు. ఒక్క యాంటీవైరస్ చాలు, రెండోది తీసెయ్యున్రి. నెట్ వచ్చుకుంట పోవుకుంట ఉంటే, మొత్తం ఫైలు ఒక్కసారి దించుకొని ఎక్కించే ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ ఉంటది, అది వాడున్రి. 90 కాడనే మళ్ళ మళ్ళ ఆగుతుంటే సర్వీసెస్‌లకు పోయి ప్రింట్ స్పూలర్ అనేదాన్ని కాసేపు ఆపి చూడున్రి. ఆఫీస్ తనతోటి ఒక ఉత్తుత్తి ప్రింటర్‌ను కూడ ఎక్కిస్తది, కొన్నిసార్లు అక్కడ ఇరుక్కుంటది. పని అయినంక స్పూలర్‌ను మళ్ళ చాలు చేయున్రి.

చేతిల పైసలుంటే పాత డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ ఏయించుకోన్రి. ఒక్క హమాలీ జాగల పది మంది వచ్చినట్టయితది.

ఇంకో ముచ్చట. దొంగ ఆఫీస్ ఎక్కించెటోడు ముందుగాల చేయమనేది యాంటీవైరస్ బంద్. ఇంటికి తాళం తీసిపెట్టుమని దొంగనే చెప్పినట్టు. ఆ క్రాక్ ఫైళ్ళల్ల వైరస్ పెట్టి అమ్ముకునుడు పాత దందా. మన ఆధార్, మన బ్యాంక్ పాస్‌వర్డ్ అన్నీ అదే కంప్యూటర్‌ల ఉంటయి. యాదికుంచుకోన్రి.

మన ఊర్లకే ఈ డబ్బాలు ఎందుకొస్తయి?

ఇగ అసలు ముచ్చట. పట్నంల పెద్ద పెద్ద ఆఫీసులు కొన్నేండ్లు వాడి పక్కకు పెట్టిన లాప్‌టాప్‌లు సెకండ్‌హ్యాండ్ షాపులకు వస్తయి. అక్కడికెళ్ళి మన ఊర్లకు. వాడిన వస్తువు వాడుడు తప్పు కాదు, మంచిదే. కానీ సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఆ యంత్రాలను బతకనిస్తలేవు.

2025 అక్టోబర్ 14 నాడు మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు సపోర్ట్ బంద్ చేసింది. అదే రోజు ఆఫీస్ 2016కు, ఆఫీస్ 2019కు కూడ. అంటే అవి నడుస్తయి, కానీ కొత్త కంతలు పడితే పూడ్చేటోడు లేడు. విండోస్ 11కు పోదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలె. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటది. పనిజేసే యంత్రం చేతిల ఉండంగనే పనికిరాదు అనిపించుకున్నది.

ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ దాకా భద్రతా అప్‌డేట్లు కావాలంటే మనలాంటోళ్ళకు పెట్టిన షరతు ఏంది? 30 డాలర్లు కట్టు, లేకుంటే రివార్డ్ పాయింట్లు పెట్టు, అదీ లేకుంటే నీ సెట్టింగులు మా ఖాతాల దాచిపెట్టు. యూరప్‌ల వినియోగదారుల సంఘమోళ్ళు గట్టిగ నిలదీస్తే అక్కడోళ్ళకు మాత్రం పైసలూ లేవు, దాచిపెట్టుడూ లేదు, ఖాతాతోటి లాగిన్ అయితె చాలన్నరు. అడిగినోళ్ళకు ఒక లెక్క, అడగనోళ్ళకు ఒక లెక్క. కంపెనీ అదే, సాఫ్ట్‌వేర్ అదే.

అడగవలసింది ఎవల్ని?

కంపెనీ లాభం కోసమే ఉంటది, దానికి ఏడ్చి లాభం లేదు. మనం అడగాల్సింది సర్కార్‌ను.

కేంద్ర ప్రభుత్వం 2015లనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వాడాలని పాలసీ తెచ్చింది. దానికన్న ముందు 2010ల ఓపెన్ స్టాండర్డ్స్ పాలసీ వచ్చింది. పౌరుడు సర్కార్‌కు కాగితం పంపేందుకు ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ కొనాల్సిన అవసరం ఉండొద్దు అన్నది దాని ఆత్మ. మరి నేలమీద ఏమున్నది? పోరలు నేర్చుకునేది వర్డ్, ఎక్సెల్ అనే పేర్లనే. అప్లికేషన్ల నమూనాలు ఆ ఫైళ్ళలనే. 2025 సెప్టెంబర్‌ల కేంద్ర ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ జోహోకు మారుతున్న అని ప్రకటించిన్రు. దేశీ కంపెనీ, సంతోషం. కానీ అది ముఖ్యంగ నెట్ మీద నడిచే సరుకు. టవర్ సిగ్నల్ కోసం డాబా ఎక్కే మన ఊర్లకు అదొక్కటే మందు కాదు.

పక్కకు కేరళను చూడున్రి. అక్కడ సర్కారు బడులల్ల ఏండ్ల సంది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదనే కంప్యూటర్ చదువు నడుస్తున్నది. కూలీ బిడ్డ కూడ బడిల నేర్చిందే ఇంట్ల ఉచితంగ, దొంగతనం లేకుంట పెట్టుకోవచ్చు. జర్మనీల ష్లెస్విగ్-హోల్‌స్టైన్ అనే రాష్ట్రం దాదాపు 30 వేల సర్కారు కంప్యూటర్లను లిబ్రె ఆఫీస్‌కు మారుస్త అని 2024ల ప్రకటించింది. పైసలున్న దేశమే ఒక్క కంపెనీ మీద ఆధారపడుడు మంచిది కాదనుకుంటుంటే, మనకెందుకు ఈ బంధం?

లిబ్రె ఆఫీస్ 2010 సంది ఉన్నది. ఉచితం. కొన్ని వందల ఎంబీలే. పాత యంత్రం మీద కూడ నడుస్తది. తెలుగు మెనూలు కూడ పెట్టుకోవచ్చు. ఎక్సెల్ ఫైల్ తెరిచి, మళ్ళ అదే రకంగ సేవ్ చేసి పంపొచ్చు. అబద్ధం చెప్పను, అంతా నున్నగ ఉండదు. వర్డ్‌ల చేసిన పెద్ద డాక్యుమెంట్లు తెరిస్తే అక్షరాలు, గళ్ళు జరుగుతయి. మాక్రోలు కొన్ని పనిచేయవు. కానీ మామూలు అప్లికేషన్, రెజ్యూమే, లెక్కల షీట్.. ఇవి చేసుకునేందుకు చాలు.

మా పక్క పిల్ల లాప్‌టాప్‌ల దొంగ సరుకు మొత్తం తీసేసి అదే ఎక్కించిన. పావుగంట పట్టింది. పోయిన పరీక్ష మాత్రం తిరిగి రాలేదు.

అందుకే ఊర్లల్ల యువజన సంఘాలకు నాదొక మనవి. ఈసారి గ్రామసభకు పోతే రోడ్డు, నీళ్ళతోటి పాటు ఇది కూడ అడగున్రి. మండల లైబ్రరీల రెండు మంచి కంప్యూటర్లు, ఎస్ఎస్‌డీతోటి, ఉచిత ఆఫీస్‌తోటి, పరీక్ష ఉన్ననాడు పొద్దున్నే తలుపు తెరిచేటట్టు. సర్కారు ఫారాలు ఎవ్వల సాఫ్ట్‌వేర్‌ల అయినా తెరుసుకునేటట్టు. కొలువు ఇచ్చేటోళ్ళు పని వస్తదా అని చూడాలె, ఏ కంపెనీ బొమ్మ మీద చేసిండని కాదు. ఇవి కోట్ల ఖర్చు ముచ్చట్లు కావు.

అప్పటిదాకా మీ కంప్యూటర్ 90 కాడ ఆగితే "నాకే రాదు" అని మాత్రం అనకున్రి. ఆ మాట మనతోటి అనిపించుడే ఈ వ్యవస్థకు కావాలె. ముందు టాస్క్ మేనేజర్ తెరువున్రి. తర్వాత గ్రామసభల నోరు తెరువున్రి.