తెలుసుకుందాం: తాడు కట్టే చోటు

విదేశాల్లో పిల్లల దగ్గర సెలవులు గడిపి వచ్చిన పెద్దలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. "నీళ్ళమీద స్కీయింగ్ చేయించే పడవ నడుమ ఆ లోహపు స్తంభం ఎందుకండీ? తాడు వెనకాల కడితే చాలదా?"

చాలదు. ఈ ఆటకు ఆద్యుడు అమెరికాలోని మిన్నెసోటాకు చెందిన రాల్ఫ్ శామ్యూల్సన్. 1922లో పెపిన్ సరస్సులో, పద్ధెనిమిదేళ్ళ వయసులో, రెండు చెక్కలు కాళ్ళకు తగిలించుకుని పడవ వెనక నీటిమీద నిలబడ్డాడు. తాడును పడవ వెనక అంచుకు కడితే, స్కీ చేసే మనిషి పక్కకు వెళ్ళినప్పుడల్లా పడవ తోక కూడా అటే ఈడ్చుకుపోతుంది. బరువు నిలిచే నడిమి చోట కడితే పడవ చెప్పినట్టు వింటుంది.

మన చెన్నపట్నం వాళ్ళకు ఈ లెక్క కొత్తదేమీ కాదు. 1806లో మొదలై, 1877-78 కరువు పనులతో నగరం గుండా సాగిన బకింగ్‌హాం కాలువ మన తెలుగు సీమనూ మద్రాసునూ కలిపింది. గాలి పడిపోతే పడవవాళ్ళు గట్టున నడుస్తూ తాడుతో లాగేవారు. తాడు మరీ కిందికుంటే గట్టుమీది తుప్పలకు చిక్కుకుంటుంది, మరీ పైకుంటే పడవ ఒరుగుతుంది. ఆ కాలువ నేడు నగరంలో మురుగు మోస్తోంది గానీ, ఆ సూత్రం మాత్రం మారలేదు.

అందుకే ఇప్పటి స్తంభాలను ఎత్తు మార్చుకునేలా చేస్తున్నారు. మామూలు స్కీయింగ్‌కు తాడు కిందుండాలి. ఒకే వెడల్పు పలకమీద గెంతులేసే వేక్‌బోర్డుకు పైనుండాలి, అప్పుడు తాడు మనిషిని కాస్త పైకి లాగుతుంది. అయితే ఎత్తు పెరిగినకొద్దీ పడవను ఒరగదీసే బలమూ పెరుగుతుంది. గాలి నింపిన ట్యూబు మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఎత్తు స్తంభానికి కట్టి లాగడం ప్రమాదం. ట్యూబు నీటిలో కూరుకుంటే ఒక్కసారిగా పడే బరువుకు స్తంభం వంగవచ్చు, పడవ బోల్తా పడవచ్చు.

ముట్టుకాడులో 1984 నుంచి పర్యాటక శాఖ పడవల రేవు ఉంది. అక్కడికి వెళ్ళినా, మనవల ఊళ్ళో సరస్సుకు వెళ్ళినా, బయల్దేరే ముందు ఈ నాలుగూ చూసుకోండి. ఎత్తు నిలిపే పిన్ను పూర్తిగా దిగిందా? స్తంభం వెనక, తాడు తిరిగే దారిలో ఎవరూ కూర్చోలేదు గదా? నడిపేవారు కాక, వెనక్కి చూస్తూ ఉండే పెద్దవారు ఒకరున్నారా? అందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయా? అడిగితే నవ్వుతారేమోనని మొహమాటపడకండి. పిల్లలు నీళ్ళలో ఉన్నప్పుడు మొహమాటం పనికిరాదు.