బుల్లి ప్రాణానికి బిల్లెంత?

రాత్రి ఎనిమిదైంది. పొద్దున వేసిన కొత్తిమీర బోనులో అలాగే వాడిపోయి ఉంది. కుందేలు మల్లి ఓ మూల ముడుచుకుని కూర్చుంది. పిలిచినా చెవి కదపడంలేదు.

'నాన్నా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం' అంది నాలుగో తరగతి చదివే కూతురు. నాన్న ఫోన్లో వాకబు చేశాడు. ఫీజు, ఎక్స్‌రే, ఇంజెక్షన్లు... అన్నీ కలిపి రెండు మూడు వేలు కావచ్చన్నారు. ఫోను పెట్టేసి నోరు జారాడాయన. 'దాన్ని కొన్నదే మూడొందలకి కదమ్మలూ! ఇంకోటి కొనిస్తాలే.'

పాప కాసేపు ఆలోచించింది. 'మరి నన్ను తవుడుకి కొన్నానంటావుగా నాన్నా. నాకు జ్వరమొస్తే ఏం చేస్తావు?'

ఆయన దగ్గర జవాబు లేదు.

ఇది ఒక్క ఇంటి ముచ్చట కాదు. కుందేలు బదులు గినీ పిగ్ కావచ్చు, హ్యామ్‌స్టర్ కావచ్చు, లవ్‌బర్డ్స్ జంట కావచ్చు. బుజ్జి జీవుల్ని పెంచుకునే ఇంట్లో ఏదో ఒకరోజు ఈ లెక్క ఎదురవక తప్పదు.

గేదె లెక్క వేరు

మన ఊళ్లలో దాన్ని 'పశువుల ఆసుపత్రి' అంటాం. ఆ పేరులోనే ఉంది అసలు సంగతి. పాలిచ్చే గేదెకీ, దున్నే ఎద్దుకీ వైద్యం చేయిస్తే ఆ ఖర్చు మళ్లీ పాల రూపంలోనో పని రూపంలోనో తిరిగొస్తుంది. కుందేలు పాలివ్వదు, బండి లాగదు. అందుకే దానికి జబ్బు చేయగానే కొన్న ధర గుర్తొస్తుంది.

నిజానికి కొన్న ధర మొత్తం ఖర్చులో చాలా చిన్న ముక్క. బాగా చూసుకుంటే కుందేలు ఎనిమిది పదేళ్లు బతుకుతుంది. గినీ పిగ్ అయిదేళ్లకు పైనే. హ్యామ్‌స్టర్ ఆయుష్షు మాత్రం రెండు మూడేళ్లు. అన్నేళ్ల తిండి, గూడు, వైద్యం... ఇవన్నీ కలిస్తేనే అసలు ధర.

ఇంకో భ్రమ కూడా ఉంది. జంతువు చిన్నదైతే బిల్లూ చిన్నదే అనుకుంటాం. ఎక్స్‌రే మిషను కుక్కకైనా కుందేలుకైనా అదే. పైగా బుల్లి ఒంటికి మత్తుమందు ఇవ్వడం మరింత కష్టం. మోతాదు కొద్దిగా ఎక్కువైనా ప్రమాదమే. ఒళ్లు ఇట్టే చల్లబడిపోతుంది. కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టర్లు దొరికినంత సులువుగా కుందేళ్లూ పక్షుల వైద్యం తెలిసినవాళ్లు దొరకరు.

జబ్బుని దాచేస్తాయి

అడవిలో నీరసంగా కనిపించిన జీవే ముందుగా వేటకు చిక్కుతుంది. అందుకే కుందేళ్లూ, పక్షులూ ఒంట్లో బాగోలేకపోయినా పైకి తెలియనివ్వవు. మనం గుర్తించేసరికే జబ్బు ముదిరిపోయి ఉంటుంది. ముదిరిన జబ్బుకి ఖర్చెక్కువ.

కుందేలు సగం రోజుకు మించి తిండి ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా తెల్లారేదాకా ఆగకూడదు. దాని పేగుల్లో కదలిక ఆగితే ప్రాణానికే ముప్పు. వారానికోసారి వంటింటి త్రాసులో తూచి, కాగితం మీద రాసుకుంటే చాలు. ఏ కారణం లేకుండా బరువు తగ్గుతోందంటే జాగ్రత్త పడాల్సిందే.

సగం జబ్బులు తిండితోనే వస్తాయి. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నములుతుంటేనే అవి అరుగుతాయి. బిస్కెట్లూ, బ్రెడ్డూ పెట్టి మురిసిపోతే పళ్లు పెరిగి నాలుకనీ బుగ్గనీ గీరేస్తాయి. క్యారెట్ కూడా ఎప్పుడైనా ఓ ముక్కే. వినాయకుడికి పెట్టే గరిక, ఎండుగడ్డి... ఇవే దానికి మందూ మాకూ. గినీ పిగ్‌కి మనలాగే సి విటమిన్ బయటి నుంచి అందాలి. రోజూ ఓ క్యాప్సికమ్ ముక్క, అప్పుడప్పుడూ కాస్త జామపండు పెడితే సరిపోతుంది.

డబ్బు మిగులుతుందని మన మందుల పెట్టె తెరవడం మాత్రం అసలుకే మోసం. మనుషులకి మామూలుగా రాసే అమాక్సిసిలిన్‌ని నోటిద్వారా ఇస్తే కుందేళ్లు, గినీ పిగ్‌లు, హ్యామ్‌స్టర్ల పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. వాటితోపాటే ఆ జీవి కూడా.

పోపుల డబ్బా పొదుపు

బీమా ఉందిగా అనొచ్చు. 2020లో బజాజ్ అలియాంజ్ కుక్కలకి పాలసీ తెచ్చింది. మనదగ్గర ఇలాంటి పాలసీలు ఎక్కువగా కుక్కలూ పిల్లుల కోసం రాసినవే. కుందేలుకీ చిలక్కీ మనమే బీమా కంపెనీ కావాలి. నెలకి 200 రూపాయలు పోపుల డబ్బాలో వేసినా ఏడాదికి 2,400 అవుతాయి. జబ్బు చేసిన రాత్రి ఇంట్లో గొడవ పడకుండా ఉండటానికి ఆ డబ్బే ఆసరా.

హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లోనూ ఆసుపత్రులున్నాయి. ప్రైవేటుతో పోలిస్తే భారం తక్కువ. అయితే కుందేళ్లనీ పక్షుల్నీ చూసే డాక్టరు ఏ రోజు ఉంటారో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. అదీ జంతువు ఆరోగ్యంగా ఉన్నప్పుడే.

చేతిలో ఎంతుందో డాక్టరుకి చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు. 'ఇంతే పెట్టగలను, ముందుగా ఏది అవసరం?' అని అడిగితే దారి చెబుతారు. కొన్నిసార్లు ఆపరేషన్ చేయించకపోవడమే దయ. రెండేళ్లు నిండిన హ్యామ్‌స్టర్‌కి పెద్ద కోత పెట్టించడం కన్నా నొప్పి తగ్గించడం మేలు కావచ్చు. ఇక బతకదని తేలితే బాధ లేకుండా కన్నుమూసేలా చూడటం కూడా వైద్యమే. ఖర్చు పెట్టాలా వద్దా అన్న లెక్కలో కొన్న ధరకి చోటులేదు. నొప్పి ఎంత, తగ్గే అవకాశమెంత, మనం మోయగలిగేదెంత... ఈ మూడే చూడాలి.

చాలామంది ఎంచుకునే మరో దారుంది. చీకటి పడ్డాక పార్కులో వదిలేసి రావడం. ఇంట్లో పెరిగిన కుందేలుకి అక్కడ కుక్కల్నుంచి తప్పించుకోవడం తెలియదు. ఆకలిదప్పులతో అలమటించేలా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా.

ఆ రాత్రి నాన్న మల్లిని పండ్ల బుట్టలో పెట్టుకుని బండి తీశాడు. వెనక దంతాలు పెరిగి నాలుకని కోస్తున్నాయన్నారు డాక్టరు. బిల్లు రెండువేలు దాటింది. మర్నాటి నుంచి వాకింగ్‌కి వెళ్లినాయన గుప్పెడు గరికతో తిరిగొస్తున్నాడు. పోపుల డబ్బా పక్కన మరో చిన్న డబ్బా వెలిసింది.

మల్లిని ఎంతకి కొన్నారని ఎవరైనా అడిగితే పాప ఇప్పుడు ఒకటే చెబుతోంది.

'తవుడుకి!'