రంగస్థల ప్రణయగీతములు

నాటకము చూచి వచ్చిన మఱునాడు ప్రేక్షకుని నోట నిలుచునది పాట. అందును ప్రణయగీతము. కథలోని మలుపులు మఱచిపోవును. కర్త పేరు మఱచిపోవును. ఆడిన కంపెనీ పేరు మొదలే మఱచిపోవును. సత్యభామ పాట మాత్రము నలువదియేండ్లు గడచినను మఱపునకు రాదు. ఇంతటి ప్రజాదరము గల యీ గీతములను మన పండితులు సాహిత్యముగా గణింపరైరి. విద్వాంసులు సంగీతముగా గణింపరైరి. ఇరువురును విడిచిన యీ యనాథ పక్షమున నేడు కొంత వాదింపదలచినాము.

వాదమును బళ్లారినుండి యారంభించుట న్యాయము. ఆ పట్టణమున న్యాయవాదిగా నుండిన ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853–1912) సరసవినోదినీ సభను నెలకొల్పి, తెలుగు నాటకమునకు పాటను జతచేసినవారిలో అగ్రగణ్యులైరి. ఆయనకు ముందే దారి కొంత పడియున్నది. 1880లో పూనాలో అణ్ణాసాహేబు కిర్లోస్కరు ‘సంగీత శాకుంతలము’ను ప్రదర్శించెను, 1882లో అర్జున సుభద్రల ప్రణయమును ‘సౌభద్రము’గా పాడించెను. ఆయన పుట్టినది కన్నడదేశమున బెళగాము ప్రాంతమున, వ్రాసినది మరాఠీలో. ధార్వాడ కంపెనీలు తెలుగు సీమలకు వచ్చి యాడుటయు ఆ దినములనే. పిదప 1891లో సరసవినోదినీ సభవారు మదరాసునకు పోయి తెలుగు నాటకముల నాడగా, వానిని చూచి యుత్సాహము పొందిన పమ్మల్ సంబంధ మొదలియారుగారు ఆ సంవత్సరమే సుగుణవిలాస సభను స్థాపించి, తమిళ నాటకమునకు క్రొత్త దారి చూపిరి. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున మొదలైన సురభి నాటక కుటుంబములవారు వంశమూలమున మరాఠీలు. వారి రంగభాష తెలుగు. నాటకపు పాట యేనాడును ఎల్లలు చూచి నడువలేదు.

ఇక ప్రణయగీతమున కేది ప్రాణము? రాగమా? కంఠమా? రెండును వలసినవే. కాని న్యాయస్థానమున సాక్షి పలికిన మాటకు, ఎవరు, ఎవరితో, ఏ సమయమున పలికిరను మూడు విషయములు తెలిసినగాని విలువ యేర్పడదు. రంగస్థలమున పాడిన ప్రేమగీతమునకును ఆ నియమమే వర్తించునని మా యభిప్రాయము. విడిగా పాడిన ప్రేమపాట యెవరిదైనను కావచ్చును. నాటకములోని పాటకు ఎదుట నొకడు నిలిచియుండును; వాడు విని యొప్పుకొనవలయును, లేదా త్రోసిపుచ్చవలయును. ఆ నిర్ణయముపై కథ యాధారపడియుండును.

ఆచార్యులవారి నాటకములనే చూడుడు. ‘చిత్రనళీయము’లో దమయంతి ప్రేమయు ప్రేమయే, ‘విషాద సారంగధరము’లో చిత్రాంగి మోహమును ప్రేమయనియే తనకు తాను చెప్పుకొనును. మొదటిదాని యెదుట నలుడున్నాడు. రెండవదాని యెదుట సవతి కుమారుడున్నాడు. ఒకే రాగమున, ఒకే తాళమున ఇరువురిచేత పాడించినను, ఒకచోట ప్రేక్షకుని మనస్సు కరగును, మఱియొకచోట గుండె జల్లుమనును. ఆ భేదము స్వరములలో లేదు. వినువాని ముఖమున నున్నది.

ఇట్టివానిలో మాకు మిక్కిలి ప్రియమైనది ‘శ్రీకృష్ణ తులాభారము’లో సత్యభామ పాట. ముత్తరాజు సుబ్బారావుగారి యీ నాటకమున భామవేషము ధరించి ఆంధ్రదేశమును మురిపించినవారు స్థానం నరసింహారావుగారు (1902–1971). పురుషుడు స్త్రీవేషమున పాడిన ప్రేమపాటకు పురుషులే కాక స్త్రీలును వివశులైరి. వ్రతమాహాత్మ్యముచేత కృష్ణుడు తన యానతి మీరజాలడను ధీమాతో సత్య పాడు పాట యది. ఒకే పంక్తిని మరల మరల పలుకుచు, పలికినప్పుడెల్ల క్రొత్త హావమును చూపుట వారి ప్రతిభయని నాటినుండి నేటివరకును చెప్పుకొనుచున్నారు. ఒకసారి గర్వము, ఒకసారి లాలన, ఒకసారి సందేహపు నీడ. ఆ సందేహపు నీడ లేకున్న అది వట్టి బింకపు పాట యగును. భర్త నెవరికిని పంచియీయనను పంతముతో నారదునకు ధారపోసి, పిదప త్రాసులో సొమ్ములన్నియు వేసి యోడిపోవు స్త్రీ పాట యది. ఓటమి ముందున్నదని ప్రేక్షకుని కెఱుకయే. పాడుచున్న యామెకు తెలియదు. అందువలననే ఆ గీతము ఇంత తీయగాను, ఇంత జాలిగాను వినబడును.

1966లో వచ్చిన చలనచిత్రమున శ్రీమతి పి. సుశీలగారు ఈ పాటను జమునగారి సత్యభామకై పాడిరి. నేటి యువజనులలో అనేకులు దానిని సినిమా పాటయనియే యెఱుగుదురు. మాకు కోపము లేదు. తెరయే లేకున్న వారి కదియు తెలియకుండెడిది. కాని ఇంటికి పునాది వేసినవాని పేరు గూడ గోడమీద నుండుట మర్యాద.

మా కార్యాలయమున వెనుక నొక వృద్ధ గుమాస్తా యుండెడివాడు. యౌవనమున నాటకములలో హార్మోనియము వాయించినవాడు. ఒక సాయంకాలము భామపాట పాడుమని మేమడుగగా ఆయన దస్త్రము కట్టిపెట్టి లేచి, కూర్చుండియున్న చిన్న గుమాస్తాను పిలిచి, ‘ఒరే నాయనా, నీవిక్కడ నిలుచుండు, కృష్ణుడవు నీవే’ అనెను. ఆ కుఱ్ఱవాడు సిగ్గుపడుచు నిలుచుండగా గాని ఆయన నోరు విప్పలేదు. మేము గ్రంథములు చదివి తెలిసికొన్న నాటకశాస్త్రముకంటె ఆ చిన్న యేర్పాటు మాకెక్కువ బోధించినది.

ప్రతిపక్షమును వినకుండ తీర్పు చెప్పరాదు. నాటకమున పాట యేల యని యడిగినవారిలో సామాన్యులు లేరు. ఆచార్యులవారి మేనల్లుడును, స్వయముగా న్యాయవాదియు నైన బళ్లారి రాఘవాచార్యులుగారు (1880–1946) పద్యమును గానకచేరిగా సాగదీయుటను సహింపలేదు. మాటలోని భావము నటుని ముఖమున కనబడవలెననిరి. ఆ యాక్షేపణ సత్యము. ‘వన్సుమోరు’ కేక పుట్టిన నాటినుండి, ప్రియునితో మాటలాడుచున్న నాయిక అతని నటులనే నిలువబెట్టి, ముందుకు వచ్చి సభవైపు తిరిగి పాడసాగెను. మరాఠీ రంగముననైనను ఇదియే కథ. 1911లోని ‘మానాపమానము’, 1916లోని ‘స్వయంవరము’ మొదలగు నాటకములలో బాలగంధర్వుని గానమాధుర్యమునకు జనము మత్తిల్లి మరల మరల పాడించుకొనగా నాటకములు తెల్లవారుదాక సాగెడివి. అందు రుక్మిణి ప్రణయమెంత మిగిలెనో, కచేరి యెంత మిగిలెనో రసికులే చెప్పవలయును. పిమ్మట గ్రామఫోను పలకలు వచ్చినవి. రాత్రియెల్ల సాగిన గీతము మూడు నిమిషములకు కుదింపబడెను. ఎదుటివాడు పూర్తిగా మాయమయ్యెను. రాఘవగారి కోపము పాటపై కాదు, ఎదుటివానిని మఱచిన పాటపై నని మేము గ్రహించుచున్నాము. దోషము వాడుకది; గీతమును శిక్షింపరాదు.

అసలు చిక్కు మఱియొకటి యున్నది. ఈ పాటలు పెక్కు నాటకకర్తలు వ్రాసినవి కావు. నటుడో, హార్మోనిస్టో, కంపెనీ కవియో అవసరమునుబట్టి చేర్చినవి. సత్యభామ పాట స్థానమువారి రచనయేయని ప్రసిద్ధి. ఆ కూర్పునకు పుస్తకములో చోటు లేదు, కూర్చినవానికి పేరు లేదు. మంచి చేరికకు దిక్కులేనట్లే చెడ్డ చేరికకును అదుపు లేదు. కాళ్లకూరి నారాయణరావుగారి ‘చింతామణి’ గతి చూడుడు. వేశ్యాలోలత్వమును ఖండించుటకు పుట్టిన యా నాటకమున చింతామణి యింటి ప్రణయవచనములన్నియు వెలకట్టి యమ్ముడుపోవునవే. వాని నడుమ ఆమె కృష్ణభక్తి నిజమైన ప్రేమగా వెలుగుటయే నాటకపు శోభ. ప్రదర్శకులు సుబ్బిశెట్టి ఘట్టములను తమ యిష్టము వచ్చినట్లు పెంచి మోటుచేసిరి. వైశ్య మహాశయులు నొచ్చుకొనిరి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రదర్శనమునే నిషేధించెను. కర్త వ్రాసినదేది, రంగము చేర్చినదేది యని విడమరచి చూపు లిఖితసాక్ష్యము ముందుగా మన చేతిలో నున్నయెడల, వివాదము మోటు మాటలతో ముగిసియుండెడిది. నాటకమునంతను బోనులో నిలుపవలసిన పని యుండెడిది కాదు.

కావున మా ప్రార్థన యిది. పాటను మాత్రమే కాదు, పాట పుట్టిన సందర్భమును గూడ వ్రాసిపెట్టవలెను. ఏ నాటకము, ఏ పాత్ర, ఎవరి యెదుట, ఏ వరుస, ఎవరి కూర్పు అను నైదు విషయములు ప్రతి గీతమునకును చేర్చి, వినిపించువారి కంఠమును పట్టి యుంచవలెను. ఇందులకు నేడు పెద్ద యంత్రములక్కరలేదు. ప్రతివాని చేతిలోని ఫోనే చాలును. కావలసినది ముదుసలి నటుని యింటికి పోవు నోపిక.

ఈ పని మొదట ఎల్లలకావలి తెలుగువారిదే యని మాకు తోచుచున్నది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమేర్పడిన నాడే బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. తెలుగు నాటకపు పాటకు పుట్టినిల్లు నాటినుండి పొరుగు రాష్ట్రమున నున్నది. అచ్చట రాఘవ పేరిట రంగమందిరము నిలిచియున్నది, సంతోషము. కాని మందిరమునకు గోడలు మాత్రము చాలవు. బళ్లారివారు తమ పాటలు తెలుగుదేశపు సొత్తని యూరకుండి, తెలుగుదేశమువారు అది కర్ణాటకపు విషయమని యూరకున్నయెడల, మధ్యను పోవునది పాటయే. ఇరుపక్కలవారును హక్కునకై కాక బాధ్యతకై పోటీపడుదురుగాక! సత్యభామ పాడుటకు సిద్ధముగనే యున్నది. ఎదుట నిలుచువారే కావలెను.