తెడ్డు తగిలితే వెలిగే నీరు

యాత్రకు బయలుదేరేవారు వెన్నెల రాత్రులను కోరుకోవడం పరిపాటి. కేరళలోని కుంబళంగి గ్రామానికి వెళ్లి, రాత్రివేళ తనంతట తానే మెరిసే నీటిని చూడదలచినవారు మాత్రం చీకటిని వెతుక్కొని వెళ్లవలసి ఉంటుంది. ఈ విషయంలో మన ఇళ్లవారికి ఒక సౌలభ్యం ఉంది. గోడమీద వేలాడే హిజ్రీ క్యాలెండరే ఇందుకు సరిపోతుంది. నెలలో 13, 14, 15 తేదీల రాత్రులు ఈ ప్రయాణానికి బొత్తిగా పనికిరావు. నెల చివరి నాలుగైదు రాత్రులు, కొత్త నెల మొదటి రెండు మూడు రాత్రులు శ్రేష్ఠమైనవి. నెలవంక కనిపించిన తొలి సాయంత్రం అది కొద్దిసేపటికే అస్తమిస్తుంది. ఆ పిమ్మట ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. దీనిని బట్టి పడవ ఎప్పుడు ఎక్కాలో ఇంట్లో కూర్చునే లెక్క వేసుకోవచ్చు.

ఇటీవలి సంవత్సరాలలో దీనికి మరొక అనుకూలత తోడయింది. కుంబళంగి నీరు మెరిసే కాలం ప్రధానంగా మార్చి, ఏప్రిల్ మాసాలు. మన ప్రాంతంలో ఈదుల్ ఫిత్ర్ 2023లో ఏప్రిల్ 22న, 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న వచ్చింది. పండుగ సెలవులు, చంద్రుడు లేని రాత్రులు, ఉప్పునీటి కాలం మూడూ ఒక్కచోట కలిశాయి. రమజాన్ ఆఖరి రాత్రులను ఇటువంటి పనికి ఎవరూ వెచ్చించరు కనుక, పండుగ తరువాతి రెండు మూడు రోజులే మనకు మిగులుతాయి. పండుగ ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది కాబట్టి ఈ వెసులుబాటు ఎల్లకాలం ఉండేది కాదు.

ఆ లెక్క ప్రకారమే మేము ఒక ఏడాది పండుగ మర్నాడు నెల్లిమర్ల నుండి బయలుదేరాము. విజయనగరంలో ధన్‌బాద్–అలప్పుళ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే, మనవాళ్లు ఇప్పటికీ బొకారో అనే పిలుస్తారు దానిని, బండి మారే పని లేకుండా ఎర్నాకుళంలో దిగవచ్చు. ఒక రాత్రి బండిలోనే గడుస్తుంది. నేను, మా ఇంటావిడ, మా అబ్బాయి, కోడలు, ఏడేళ్ల మనవరాలు. పండుగ సేమియా డబ్బాలు, పులిహోర పొట్లాలు సామర్లకోట దాటకముందే ఖాళీ అయ్యాయి. అంతకుమించి రైలు ప్రయాణం గురించి చెప్పవలసినది లేదు.

కుంబళంగి కొచ్చి నగరానికి దక్షిణాన, చుట్టూ నీరు ఆవరించిన చిన్న గ్రామం. మన చంపావతి నది కోనాడ వద్ద సముద్రంలో కలిసే మొగను చూసినవారికి ఆ భూమి తీరు వెంటనే బోధపడుతుంది. నది తెచ్చిన మంచినీరు, ఆటుపోట్లు తెచ్చిన ఉప్పునీరు కలిసి నిలిచే ఉప్పుటేరు అది. అక్కడివారు దానిని కాయల్ అంటారు. ఆ నీటి గట్ల వెంబడి పెద్ద పెద్ద కొయ్య దూలాలకు వేలాడే చీనా వలలు, వాటి వెనుక కొబ్బరితోటలు, తోటల మధ్య పొక్కాళి చేలు. పొక్కాళి అనేది ఉప్పును తట్టుకొని పండే వరి. జూన్‌లో వానలు పడి నేలలోని ఉప్పు కడుక్కుపోయాక దానిని విత్తుతారు. కోతలు ముగిసిన తరువాత, నవంబరు మధ్య నుండి ఏప్రిల్ మధ్య వరకు, అవే మళ్లలోకి తూముల ద్వారా ఉప్పునీరు వదిలి రొయ్యలు పెంచుతారు. వరి కోయగా మిగిలిన దుబ్బులు కుళ్లి రొయ్యలకు మేత అవుతాయి, రొయ్యల చెరువులోని మడ్డి మరుసటి పంటకు ఎరువవుతుంది. ఒకే మడిలో అన్నమూ కూరా పండించుకునే ఈ ఏర్పాటు మా అబ్బాయికి నీటి వెలుగుకన్న ఎక్కువగా నచ్చింది. నాకు ఆశ్చర్యం కలగలేదు, వాడు మొదటినుండీ లెక్కల మనిషి.

వేసవిలో నీటిలో ఉప్పుదనం హెచ్చినప్పుడు ఆ చెరువులలో, కాలువలలో కనిపించే వెలుగును మలయాళంలో కవరు అంటారు. 2019 ఫిబ్రవరిలో విడుదలైన ‘కుంబళంగి నైట్స్’ అనే చలనచిత్రం ద్వారా ఆ మాట దేశమంతటా తెలిసింది. అంతకుముందు అది జాలరులకు, రొయ్యల చెరువుల కాపలాదారులకు మాత్రమే తెలిసిన సామాన్య విషయం.

మేము ఇషా నమాజు ముగించుకొని గట్టుమీదకు చేరేసరికి పడమట నెలవంక ఇంకా కొబ్బరాకుల మీదే ఉంది. పడవ నడిపే పెద్దాయన దానిని చూపించి, ఇప్పుడే వద్దు అన్నట్లు చేయి ఊపాడు. ఆయనకు వచ్చిన హిందీ, మాకు వచ్చిన అరకొర తమిళం కలిపి సంభాషణ సాగింది. అది అస్తమించేసరికి పదిన్నర అయింది. ఆయన లాంతరు ఆర్పివేశాడు, మా ఫోన్లు సంచిలో పెట్టించాడు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై నిమిషాలకు తక్కువ పట్టదు. మధ్యలో ఒక్కసారి ఫోను తెర వెలిగినా ఆ నిరీక్షణ అంతా వ్యర్థమే. ఏడేళ్ల పిల్లను అంతసేపు చీకటిలో కదలకుండా కూర్చోబెట్టడం ఎంత కష్టమో తల్లులకు చెప్పనక్కరలేదు. దాదీ ఒడిలో తల పెట్టుకొని అది సగం నిద్రలోకి జారుకుంది.

పెద్దాయన తెడ్డు నీటిలో ముంచాడు. తెడ్డు చుట్టూ నీలపు తెలుపు రంగు మంట ఒకటి లేచి, సుడి తిరిగి, ఆరిపోయింది. మళ్లీ ముంచాడు, మళ్లీ లేచింది. పడవ ముక్కు కోసుకుపోతున్న చోట రెండు వెలుగు గీతలు చీలి వెనక్కి పోతున్నాయి. అడుగున ఏదో చేప బెదిరి పారిపోతే, అది పోయిన దారి అంతా అగ్గిపుల్ల గీసినట్లు మెరిసింది. మనవరాలు లేచి కూర్చొని, “దాదా, నీళ్ల కింద ఎవరైనా దీపాలు పెట్టారా?” అని అడిగింది. ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. ఫోన్లలో ప్రచారంలో ఉన్న చిత్రాలలో కనిపించే గాఢమైన నీలిరంగును ఆశించి వెళితే నిరాశ తప్పదు. ఎక్కువసేపు తెరిచి ఉంచిన కెమెరా కన్ను వెలుగును పోగుచేస్తుంది. మన కంటికి అది అంతకంటె పాలిపోయి, వెండి కలిసిన నీలంగా, క్షణికంగా కనిపిస్తుంది. నాకైతే ఆ క్షణికత్వమే ఎక్కువగా పట్టింది.

ఆ వెలుగుకు మూలం డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు. వాటిలో చాలావరకు కంటికి విడిగా ఆనవు. వాటి కణంలో లూసిఫెరిన్ అనే పదార్థమూ, లూసిఫెరేజ్ అనే ఎంజైమూ ఉంటాయి. 1880ల కాలంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రఫాయెల్ దుబోవా వెలుగునిచ్చే ఒక పురుగును, ఒక ఆల్చిప్పను పరిశోధించి ఈ పేర్లు పెట్టాడు. కదిలిన నీరు కణపు పొరను నొక్కగానే లోపల ఆమ్లత్వం పెరుగుతుంది, లూసిఫెరిన్ ప్రాణవాయువుతో కలుస్తుంది, సెకనులో పదోవంతు కాలం వెలుగు వెలువడుతుంది. వేడి దాదాపు ఉండదు. పగటివేళ వాటిని చీకటి గదిలో ఉంచి కదిపినా రాత్రివలె మెరవవు. రాత్రీ పగలూ తెలిపే గడియారం ఆ ఒక్క కణంలోనే అమర్చబడి ఉంది.

అయితే అవి ఎందుకు మెరుస్తాయి? శాస్త్రజ్ఞులు ఎక్కువగా చెప్పే కారణం ఆత్మరక్షణ. కోపిపాడ్ అనే, రొయ్యకు దూరపు చుట్టమైన చిన్న ప్రాణి వీటిని తినడానికి వస్తుంది. తాకగానే ఇవి మెరుస్తాయి. ఆ మెరుపుకు కోపిపాడ్ బెదరవచ్చు, లేదా ఆ వెలుగులో అది పట్టుబడి దానిని తినే చేప నోట పడవచ్చు. దొంగ ఇంట్లో దూరినప్పుడు కేకవేసి వీధివారిని లేపినట్లన్నమాట. ఈ సంగతిని పడవలోనే మనవరాలికి తేలిక మాటలలో చెప్పాను. అప్పటివరకు రెండు చేతులతో నీటిని చరుస్తూ కేరింతలు కొడుతున్న పిల్ల చేతులు వెనక్కి తీసుకుంది. “అయితే మనల్ని చూసి భయపడుతున్నాయా?” అంది.

ఏకకణ జీవికి మనవంటి భయం ఉంటుందని నేననను. రాత్రంతా చేపలు, ఆటుపోట్లు, గాలి వాటిని కదుపుతూనే ఉంటాయి. ఒక తెడ్డు వలన కొంప మునగదు. కానీ ఒక రాత్రికి వాటి వద్ద ఉండే వెలుగు సరుకు పరిమితమైనది. పదే పదే కలచితే మెరుపు మందగించి, మళ్లీ కూడుకోవడానికి సమయం పడుతుంది. పక్క కాలువలో ఆ రాత్రి పదిమంది యువకులు నీటిలోకి దూకి కాళ్లతో తన్నుతూ వీడియోలు తీసుకుంటున్నారు. వారి ఫోన్ల దీపాలే తప్ప అక్కడ నీటి వెలుగు అనేది మాకు కనిపించలేదు. పెద్దాయన అటు చూడనైనా చూడలేదు. ఆ చెరువు ఎవరో కౌలుకు తీసుకున్నదని, రొయ్యలు పట్టే రోజులని మాత్రం చెప్పాడు. మనకు వినోదమైన నీరు మరొకరి ఏడాది సంపాదన అని వెళ్లేవారు ముందుగా తెలుసుకోవాలి. యజమాని అనుమతి లేకుండా ఏ గట్టూ ఎక్కకూడదు. దోమలు విపరీతం, నిజమే. అయినా ఒంటికి దోమల మందు పూసుకొని ఆ చేతులు నీటిలో ముంచడం కంటె పొడుగు చేతుల బట్టలు వేసుకోవడం మేలు.

ప్యూర్టోరికోలోని వియెకెస్ దీవిలో మాస్కిటో బే అనే సముద్రపు పాయ ఉంది. ఈ వెలుగుకు ప్రపంచంలోనే పేరెన్నికగన్నది. అక్కడ పడవలో వెళ్లనిస్తారు కానీ నీటిలో దిగి ఈదడాన్ని నిషేధించారు. జమైకాలో ఫాల్మత్ పట్టణం వద్ద, మార్తాబ్రే నది సముద్రంలో కలిసేచోట ఉన్న మరొక మెరిసే సరస్సులో యాత్రికులను దిగనిస్తారు. నాకు మొదటి పద్ధతే సమంజసంగా తోస్తుంది. కుంబళంగి చెరువులు వాటికంటె ఎంతో చిన్నవి, ఎంతో లోతు తక్కువైనవి. అటువంటి చోట పదిమంది కాళ్లు చాలా ఎక్కువ.

మెరిసే నీరంతా ఆరోగ్యమైన నీరే అనుకోవడం కూడా పొరపాటు. 2019 ఆగస్టు 18 రాత్రి చెన్నైలో తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ తీరాలలో అలలు నీలంగా మెరిస్తే జనం తండోపతండాలుగా చేరారు. అది నాక్టిలూకా అనే జీవి విస్తారంగా పెరగడం వలన కలిగిన వెలుగు. మరుసటి నెలలోనే, దక్షిణాన మన్నార్ సింధుశాఖలో అదే జాతి జీవి దట్టంగా పెరిగి నీరు ఆకుపచ్చగా మారింది, చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకువచ్చాయి. ఇటువంటి జీవులు మితిమీరి పెరిగి, చచ్చి కుళ్లినప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోతుంది. కనుక భీమిలిలోనో, చింతపల్లిలోనో ఏ రాత్రయినా అల మెరిసిందని వింటే, చూడడానికి వెళ్లండి. అదే సమయంలో అక్కడి జాలరులను వలలో చేప ఎలా పడుతోందని కూడా అడగండి.

తిరిగి వచ్చేముందు మనవరాలు తన మంచినీళ్ల సీసాలో ఆ నీటిని పట్టుకుంది. బసలో దీపాలార్పి ఊపితే మూడుసార్లు మెరిసింది, నాలుగోసారి మెరవలేదు. ఇంటికి తీసుకుపోయి నెల్లిమర్లలో స్నేహితురాళ్లకు చూపిస్తానని పట్టుబట్టింది. ఒక రాత్రీ ఒక పగలూ రైలు వేడిలో అవి బతకవని మా ఇంటావిడ నచ్చజెప్పింది. పొద్దున్నే ఆటోను కాలువ పక్కన ఆపించి, పిల్ల చేతనే సీసా వంపించింది. ఆ ఎండలో అది మామూలు బురద నీరు.

మే నెలాఖరుకు అక్కడ మబ్బులు కమ్ముతాయి. జూన్ వానలకు ఏటిలోకి మంచినీరు వచ్చిపడి ఉప్పుదనం తగ్గుతుంది, కవరు కనిపించకుండా పోతుంది. పడవ పెద్దాయనకు అది నష్టమేనా అని అడిగాము. ఆయన నవ్వి, ఉప్పు పోతేనే కదా మడిలో విత్తనం పడేది అన్నాడు. మేము దిగిన గట్టుకు ఎడమవైపు ఉన్న చెరువును చూపించి, ఈసారి వచ్చేటప్పుడు కోతల సమయంలో రమ్మని, అప్పుడు పొక్కాళి అన్నం పెడతామని చెప్పాడు. కోతలు అక్టోబరు, నవంబరు మాసాలలో ఉంటాయి. వాటికి చంద్రుడితో పని లేదు.