ఇరవై ముఖాల పాచిక

రాత్రి తొమ్మిది గంటలవేళ అయిదుగురు పిల్లలు భోజనాల బల్ల చుట్టూ చేరి, "తలుపు వెనక యేదో వూపిరి తీస్తున్నది" అని గుసగుసలాడుకుంటూ వుంటే పెద్దవాడన్న వాడు యేమనుకుంటాడు? నేనూ అదే అనుకున్నాను. వీళ్లకు చదువూ సంధ్యా బొత్తిగా లేవు కాబోలునని.

ఇది 2023 జనవరి నాటి మాట. అమెరికాలో ఇండియానాపోలిస్ నగరంలో మా అబ్బాయి యింట్లో వున్నాను. బయట మంచు. లోపల మా మనవడూ, వాడి స్నేహితులు నలుగురూ. బల్లమీద గవ్వలు లేవు, పేకముక్కలు లేవు. తలొక కాగితమూ, పెన్సిలూ, మధ్యన కాసిని చిత్రమైన పాచికలు. అందులో వొకదానికి ఇరవై ముఖాలు!

"ఆట యెప్పుడు మొదలుపెడతార్రా?" అన్నాను.

"రెండు గంటలనించీ ఆడుతూనే వున్నాం, తాతయ్యా!" అన్నాడు మనవడు.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. వొకరు కథ చెబుతారు. మా యింట్లో ఆ పని పక్కవీధి పిల్లది. తక్కినవాళ్లు కథలో పాత్రలు. "పాడుపడ్డ కోట ముందు నిలబడ్డారు, యేం చేస్తారు?" అంటుంది ఆ పిల్ల. వొకడు గోడెక్కుతానంటాడు. యెక్కగలిగాడా, జారిపడ్డాడా అన్నది పాచిక తేల్చాలి. ఇంతమంది గెలిచారు, ఇంతమంది వోడారు అన్న లెక్క లేదు. కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు కథ చెబుతూ వుంటే గొల్లపిల్లవాడు వింటాడు గదా. వాడు మధ్యలో లేచి, "ఆగండి స్వామీ, ఆ రాజకుమారుణ్ణి నేనే, నేను ఆ దారిన పోను" అన్నాడనుకోండి. అదీ యీ ఆట.

దీన్ని 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే యిద్దరు బయటపెట్టారు. గైగాక్స్ వుండేది విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న వూరు. భీమా కంపెనీలో వుద్యోగం పోయి, చెప్పులు బాగుచేసుకుంటూ బతికిన మనిషి. మూడు చిన్న పుస్తకాలు వొక పెట్టెలో పెట్టి 10 డాలర్లకు అమ్మారు. మొదటి అచ్చు 1,000 ప్రతులే. అంతకుముందే 1968లో ఆయన తమ వూరి హాలు అద్దెకు తీసుకుని, బల్లమీద ఆడే ఆటలంటే పిచ్చివున్నవాళ్లను పోగుచేశాడు. వచ్చినవాళ్లు నూరుమంది. జెన్ కాన్ అనే ఆ జాతర 2003 నించీ ఇండియానాపోలిస్‌లోనే జరుగుతున్నది. 2023లో 70,000 మందికి పైగా వచ్చారు.

పెద్దవాళ్లకు యీ ఆటమీద అనుమానం నాతో మొదలు కాలేదు. 1982లో కొడుకు ఆత్మహత్య చేసుకుంటే, వొక తల్లి యీ ఆటే కారణమని నమ్మి మరుసటి యేడే దీనికి వ్యతిరేకంగా సంఘం పెట్టింది. ఇది దయ్యాల పూజ అన్నవాళ్లూ వున్నారు. తరవాత విచారించి చూస్తే ఆటకూ ఆత్మహత్యలకూ సంబంధం కనబడలేదు. ఆ తల్లి దుఃఖాన్ని మాత్రం యెవరూ తప్పుపట్టలేరు.

నేనున్న రోజుల్లోనే యింకో గొడవ వచ్చింది. హక్కులు చేతులు మారి వొక పెద్ద కంపెనీకి చేరాయి. 2000 సంవత్సరంలో ఆ కంపెనీవారే వొక అనుమతిపత్రం యిచ్చారు, ఆట మూలసూత్రాలమీద యెవరైనా సొంత పుస్తకాలు రాసుకుని అమ్ముకోవచ్చునని. ఆ మాట నమ్మి యెందరో చిన్న చిన్న ప్రచురణసంస్థలు పెట్టుకుని బతుకుతున్నారు. 2023 జనవరి మొదటివారంలో కొత్తపత్రం ముసాయిదా బయటికి పొక్కింది. పాతది యిక చెల్లదట. యేడాదికి 7,50,000 డాలర్లు దాటి అమ్మినవాళ్లు ఆ పై సొమ్ములో వాటా కట్టాలట. ఇతరులు రాసినదాన్ని కంపెనీ కూడా వాడుకోవచ్చునట.

మా మనవడు రాత్రిళ్లు కూర్చుని 40 పేజీల కథ వొకటి రాసిపెట్టుకున్నాడు, యీ ఆటలో ఆడుకోవడానికే. ఆ శుక్రవారం పాచికలు ముట్టుకోలేదు.

"నీకు 7,50,000 డాలర్లు వస్తాయిట్రా, పిచ్చివాడా? పిల్లల ఆటకు యింత రాద్ధాంతమా?" అన్నాడు మా అబ్బాయి.

"డబ్బు రాదు నాన్నా. కాని రాసింది నేను గదా!"

నేను ముప్ఫయి యేళ్లు బళ్లో ఛందస్సు చెప్పినవాణ్ణి. ఆటవెలదికి లక్షణం చెప్పినవాడు వచ్చి వేమనను, పద్యానికి యింతని కట్టు, పైగా నీ పద్యం నాదీ అవుతుంది అంటే యెలా వుంటుంది? అదే మాట అన్నాను. "మామయ్యగారు కూడా వాళ్లలో కలిసిపోయారు" అని కోడలు నవ్వింది గాని, మనవడు మాత్రం నావైపు కొత్తగా చూశాడు.

వాడు కంపెనీవారికి కట్టే నెలచందా మానేశాడు. వాడిలాగే యెందరో మానేశారు. కంపెనీ అభిప్రాయాలు అడిగితే 15,000 మందికి పైగా రాసి పంపారు. జనవరి 27న కంపెనీ తగ్గింది. పాతపత్రం జోలికి పోమన్నది. అంతటితో ఆగక, 400 పేజీల మూలసూత్రాలను క్రియేటివ్ కామన్స్ అనే పద్ధతిలో లోకానికి వదిలేసింది. అలా వదిలినదాన్ని మళ్లీ వెనక్కు తీసుకునే వీలు లేదు. పైకం వెనక నడిచే కంపెనీ బల్ల చుట్టూ కూర్చునే పిల్లల మాట విన్నదంటే నాకు యిప్పటికీ ఆశ్చర్యమే.

ఆ రోజూ శుక్రవారమే. నన్నూ కూర్చోబెట్టారు. నాకో పూజారి వేషం. యెదుట వొక మాంత్రికుడు, యెంత కొట్టినా చావడు. "వాడి ప్రాణం వొంట్లో వుండదర్రా, యెక్కడో చిలుకలో వుంటుంది" అన్నాను. పిల్లలంతా నోళ్లు తెరిచారు. మన బాలనాగమ్మ కథ వాళ్లకేం తెలుసు? పక్కవీధి పిల్ల క్షణం ఆలోచించి, ఆ చిలుకను కోట వెనక పాడునూతిలో, గోడ తొర్రలో పెట్టేసింది. దిగుతానన్నాను. పాచిక నా చేతికిచ్చారు.

ఇరవై ముఖాలుంటే నాకు వొకటి పడింది. అంతకంటె తక్కువ లేదు.

నెల తిరక్కుండా మన దేశం వచ్చేశాను. ఆదివారాలు మనవడు టెలిఫోను చేస్తాడు. మందులు వేసుకున్నావా అని అడిగి, "తాతయ్యా, నీ పూజారి యింకా నూతిలోనే వున్నాడు. తాడు దొరకలేదు" అంటాడు.